సోమవారం తొమ్మిదింటి ఉత్తరం

పెద్దన్న అసలు పేరే పెద్దన్న. తాత పేరు పెట్టారు. ప్రొద్దుటూరు పక్కన అతని ఊళ్లో ఆ పేరున్నవాళ్లు వీధికొకరు ఉంటారు కాబట్టి అక్కడ ఎవరికీ వింతగా ఉండేది కాదు. మాదాపూర్ వచ్చాకే చిక్కొచ్చి పడింది. కొత్తగా లేచిన ఆ అయిదంతస్తుల గాజు భవనంలో స్వీపర్ల నుంచి నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దాకా అందరూ అతన్ని "పెద్దన్నా" అనే పిలిచేవాళ్లు. అందులో సగం మంది అది మర్యాద పిలుపనుకునేవాళ్లు. ఒకసారి గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ అతను రిజిస్టరు ముందేసుకుని, "పెద్దన్నా, జర నీ పేరు చెప్పు" అన్నాడు.

"పెద్దన్న."

"గది నేను పిలిచింది. నీ పేరేందని అడుగుతున్న."

"అదే నా పేరప్పా."

అతను నమ్మలేదు. రిజిస్టర్లో "జనరేటర్ అన్న" అని రాసుకున్నాడు.

ఇంతమందికి అన్న అయిన మనిషికి తోడబుట్టినవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లయిన నాలుగో ఏడు భార్య సుబ్బమ్మ కామెర్లతో పోయింది. పిల్లలు కలగలేదు. అప్పట్లో అతను చుట్టుపక్కల ఊళ్లలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఎవరూ నేర్పలేదు. పాడైన ఇంజను విప్పడం, ఏ ముక్క ఎందుకుందో అర్థమయ్యేదాకా దాని ముందు కూర్చోవడం, అదే అతని బడి. పొద్దున సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే సుబ్బమ్మ వాకిట్లోకి వచ్చి, "బువ్వకు ఎదురుచూస్తాంటా" అనేది. ఆమె పోయాక ఆ మాట అన్నవాళ్లు లేరు. కొన్నాళ్లకు ఊరు వదిలి హైదరాబాదు వచ్చాడు.

భవనం సెల్లార్లో రెండు జనరేటర్లు. పునాది దిమ్మ మీద వాటిని కూర్చోబెట్టినప్పుడు నీటి లెవెలు పట్టి చూసిందీ, బోల్టులు బిగించిందీ పెద్దన్నే. దిమ్మ మీద అంచు వరకూ నీళ్లు నింపిన గ్లాసు పెట్టి యంత్రం తిప్పితే చుక్క తొణికేది కాదు. కరెంటు పోయిన పది సెకన్లలో పైన కంప్యూటర్లన్నీ ఆ రెండింటి మీద బతకాలి. ఇంజన్ల చప్పుడులో ఏళ్లు గడిపినందుకు అతని ఎడమ చెవి సగం పోయింది. దాంతో మాట్లాడేవాళ్లకు ఓపిక పోయింది. కొత్తగూడలో కిరాయి గది. ఆదివారాలు బండరాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి సామాన్లు తెచ్చుకునేవాడు. ఒక ఆదివారం పడుకోబోతూ, పొద్దుట్నుంచి తను ఎన్ని మాటలు మాట్లాడాడో లెక్కపెట్టుకున్నాడు. "అరకిలో ఉల్లిగడ్డలు." రెండే మాటలు తేలాయి.

పనిలో అతనికి ఒక పట్టుదల ఉండేది. గంటకోసారి లాగ్ పుస్తకంలో రీడింగులు రాయాలి. డీజిల్ ఎంతుంది, బ్యాటరీ ఎంత చూపిస్తోంది, యంత్రం నడుస్తుంటే ఆయిల్ ప్రెషరు, నీళ్ల వేడి. హెల్పరు లింగయ్య, మెదక్ వైపు మనిషి, ఈ పనిని సాయంత్రం ఒకేసారి కూర్చుని పూర్తిచేసేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మీటరు ముల్లు ఎక్కడుందో సాయంత్రం అయిదింటికి టీ తాగుతూ రాసేవాడు. పెద్దన్న డ్యూటీలో ఉంటే మాత్రం ప్రతి గంటా చూసి రాయాల్సిందే.

"నాకన్న ఎనిమిదేండ్లు చిన్నోనివి" అనేవాడు లింగయ్య. "నిన్ను పెద్దన్నా అని పిలవాలె, నీతోని తిట్లు తినాలె. నా ఖర్మ."

తొంభైతొమ్మిది జూన్‌లో సెల్లార్లో కొత్త ప్యానెళ్లు బిగించారు. ఇక రీడింగులన్నీ తీగల గుండా మొదటి అంతస్తులో కట్టిన కంట్రోల్ రూములోకి వెళ్తాయి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరు అన్నీ చూసుకుంటాడు. కింద తుడవడానికీ డీజిల్ పోయడానికీ లింగయ్య ఒక్కడు చాలు. ఆపరేటరుగా ఉండాలంటే ప్యానెళ్ల కంపెనీ ఇంటర్నెట్ మీద నడిపే కోర్సు పూర్తిచేయాలి. మెయింటెనెన్స్ సూపర్‌వైజరు విశ్వేశ్వరరావు కబురు పెట్టి చెప్పాడు. ఆయనది భీమవరం.

"మొత్తం పన్నెండు పాఠాలయ్యా. వారానికొకటి చొప్పున. ఒక పాఠం జవాబులు పంపితే గాని తర్వాతది తెరుచుకోదు. సెప్టెంబరు ఇరవై అయిదు, శనివారం, సాయంత్రం అయిదుతో ఆఖరు. ఆ లోపు అవకపోతే కాంట్రాక్టరు నిన్ను పటాన్‌చెరు షెడ్డుకి పంపేస్తానంటున్నాడు. నా చేతుల్లో ఏవీ లేదు."

"ఈ మిషన్లను వదిలిపెట్టి పోవల్నా సార్?"

"అందుకే చదువుకోమంటున్నాను. నేనూ చేరానులే. నాకూ తప్పేలా లేదు."

విశ్వేశ్వరరావు గదిలో కంప్యూటరుకు ఫోను తీగ ఉంది. రోజూ రెండింటి నుంచి మూడింటి దాకా పెద్దన్న వాడుకోవచ్చు. ఫోను కాసేపు కీచుమని అరిచి కలిసేది. పాఠాలు ఇంగ్లీషులో ఉండేవి. పెద్దన్న పదో తరగతి ఇంగ్లీషుకు తోడు ఒక పాత నిఘంటువు కొనుక్కున్నాడు. మాటలు కష్టం గాని బొమ్మలు తేలిక. బొమ్మలో తప్పుంటే కనిపెట్టగలిగేవాడు. మొదటి మూడు పాఠాలు చెప్పిన గడువుకు ఒక రోజు ముందే పంపాడు.

నాలుగో వారం కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. యంత్రాలను వదిలి పైకి వెళ్లడం కుదరలేదు. సోమవారం రెండింటికి కంప్యూటరు తెరిస్తే అతని పేర ఉత్తరం వచ్చి ఉంది. నిఘంటువు చూసుకుంటూ చదువుకున్నాడు.

"ప్రియమైన పెద్దన్నా, మీ నాలుగో పాఠం ఇంకా మాకు అందలేదు. అంతా కులాసానా? మేము మీ కోసం ఎదురుచూస్తున్నాము. సరిత, కోర్సు కోఆర్డినేటర్."

రెండోసారి చదివాడు. మూడోసారి నిఘంటువు లేకుండా చదివాడు. సరిత అంటే మన పిల్లే అయ్యుంటుంది, అనుకున్నాడు. లేకపోతే పెద్దన్నా అని అంత చక్కగా ఎలా పిలుస్తుంది? ఆ సాయంత్రం లింగయ్య డీజిల్ క్యాన్లు సర్దుతుంటే ఊరికే అన్నట్టు అన్నాడు. "కోర్సులో ఒగ పాప ఉండాది. నేను యాడికి పోయినానని అడుగుతాంది."

"అడుగుతదా? నన్నైతే ఇంట్ల నా భార్య గూడ అడగది."

మర్నాడే నాలుగో పాఠం జవాబులు పంపేశాడు. ఆ పై సోమవారం కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరిస్తే పాతదొక్కటే ఉంది, కొత్త ఉత్తరం లేదు. పాఠం వేళకు పంపినవాడికి ఎవరు రాస్తారు? ఆ గంటసేపూ పెద్దన్న ఏదో పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

అయిదో పాఠం జవాబులు బుధవారానికల్లా నోట్సులో రాసిపెట్టుకున్నాడు. పంపడానికి ఒక్క బటన్ నొక్కాలి. నొక్కలేదు. రేపు పంపుదాం అనుకున్నాడు. మర్నాడు కూడా అదే అనుకున్నాడు. సోమవారం ఉత్తరం వచ్చింది. "ప్రియమైన పెద్దన్నా, మీ అయిదో పాఠం..."

అక్కడి నుంచి అదొక అలవాటు అయింది. ఆలస్యం చేయడం, సోమవారం కోసం ఎదురుచూడటం, ఉత్తరం చదువుకోవడం. ఒకసారి తనే సరితకు జవాబు రాశాడు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పేర్చాడు. కోతలు ఎక్కువయ్యాయని, రెండో యంత్రం పొగ కొంచెం నల్లగా వస్తోందని, ఇంజెక్టరు శుభ్రం చేస్తే సర్దుకుందని, నువ్వు దిగులుపడొద్దమ్మా అని. దానికి జవాబు రాలేదు. ఎంతమందికని రాస్తుంది, పని ఎక్కువుంటుంది, అనుకున్నాడు. ఆరో పాఠానికి వచ్చేసరికి నోట్సులో రాయడం కూడా మానేశాడు. రెండింటికి వెళ్లి పాత ఉత్తరాలు తెరిచి చదువుకుని మూడింటికి దిగివచ్చేవాడు.

"ఎంతదాకా వచ్చిందయ్యా చదువు?" అని విశ్వేశ్వరరావు అడిగేవాడు.

"జరుగుతాంది సార్. మీది?"

"రెండో పాఠం దగ్గరున్నాను. వచ్చే వారం నుంచి గట్టిగా కూర్చుందామని."

ఆయన ఆ మాట జూలైలో అన్నాడు, ఆగస్టులో అన్నాడు. రాత్రి షిఫ్టు ఆపరేటరు శివ మాత్రం ఆగస్టు చివరికల్లా పన్నెండూ ముగించి, "గంతే, అయిపోయింది" అని చేతులు దులుపుకున్నాడు. సెప్టెంబరు మూడో వారానికి పెద్దన్న పంపినవి ఆరు పాఠాలే. ఇంకా ఆరు మిగిలాయి.

ఇరవయ్యో తారీకు సోమవారం పొద్దున అతను లాగ్ పుస్తకం తీశాడు. శనివారం విడి భాగాల కోసం రాణిగంజ్ వెళ్లి వచ్చాడు. ఆ రోజు రీడింగులు లింగయ్య రాశాడు. పది గంటల సున్నా నిమిషాలు. పదకొండు గంటల సున్నా నిమిషాలు. పన్నెండు గంటల సున్నా నిమిషాలు. అన్నీ ఒకే కలంతో, ఒకే వాలులో.

"ఏం లింగయ్యా, ఇవి చూసి రాసినవా, కూసోని రాసినవా?"

"చూసే రాసిన. ఒట్టు."

"పదింటికి కచ్చితంగా పదింటికే ఎట్ల రాస్తివి? మెట్లు దిగల్ల, టార్చి పట్టల్ల, ముల్లు ఆగేదాకా చూడల్ల, కలం తియ్యల్ల. చూసి రాసినోనికి పదీ రెండో, పదీ నాలుగో అయితాది. ఒగనాడు ముందు, ఒగనాడు ఎనక. ప్రతి గంటా సున్నా సున్నా పడిందంటే ఆడ మనిషి లేడని."

లింగయ్య పుస్తకం వైపు చూసి నవ్వేశాడు. "నువ్వు పోలీసులల్ల ఉండాల్సినోనివి పెద్దన్నా. ఇగ ఒప్పుకుంటున్న తియ్యి."

ఆ మధ్యాహ్నం రెండింటికి పెద్దన్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉత్తరం వచ్చి ఉంది. తెరవబోతూ, పొద్దున్నే రీడింగులు దిద్దిన కళ్లు కావడం వల్లనేమో, పేరు పక్కనున్న అంకెల మీద చూపు పడింది. వచ్చిన వేళ, తొమ్మిది గంటల సున్నా నిమిషాలు. పై ఉత్తరం చూశాడు. తొమ్మిది సున్నా సున్నా. దాని పైది. దాని పైది. అన్నీ సోమవారాలే, అన్నీ తొమ్మిది సున్నా సున్నా. మొదటి ఉత్తరం కూడా.

తను పొద్దున లింగయ్యతో అన్న మాట అతనికే తిరిగి వినిపించింది. ఆడ మనిషి లేడని.

విశ్వేశ్వరరావు భోజనం ముగించుకుని గదిలోకి వచ్చాడు. "ఏవయ్యా, అలా ఉన్నావేంటి? ఒంట్లో బాలేదా?"

"సార్, సరితని ఒగరు ఉత్తరాలు రాస్తాంటారు గదా. మీకు గూడా..."

"ఓ, అదా! రాయకేం, ప్రతి సోమవారం రాస్తుంది మహాతల్లి. ఇదిగో చూడు." ఆయన తన పెట్టె తెరిచాడు. "ప్రియమైన విశ్వేశ్వరరావు, మీ రెండో పాఠం ఇంకా మాకు అందలేదు. అంతా కులాసానా? మేము మీ కోసం..." ఆయన చదవడం ఆపి నవ్వాడు. "పదో ఉత్తరం ఇది. చూడకుండానే తీసిపారేస్తుంటాను. కంప్యూటరే పేరు మార్చి పంపేస్తుందయ్యా. నువ్వేవనుకున్నావ్? కొంపదీసి జవాబు గానీ రాశావా?"

పెద్దన్న నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. ఆ ముఖం చూసి విశ్వేశ్వరరావు నవ్వూ ఆగిపోయింది. ఆయన మంచివాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్ని పాఠాలున్నాయి నీకు?"

"ఆరు."

"అయిదున్నర రోజులు. నా సంగతి వదిలెయ్, నాకు ఇంకో ఏడాదైనా నడుస్తుంది. నీకలా కాదు. ఇదిగో గది తాళం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీ ఇష్టం. ఎవరైనా అడిగితే నేనిచ్చానని చెప్పు."

పెద్దన్న తాళం తీసుకుని సెల్లార్లోకి దిగాడు. రెండో యంత్రం రేడియేటరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చల్లగా ఉంది. మూడు నెలలు. గంట తప్పకుండా రీడింగు రాసే మనిషి, ఎవరో పిలుస్తున్నారని పని ఆపుకుని కూర్చున్నాడు. సిగ్గు వేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, ఆ పిలుపు ఇక ఉండదన్న సంగతి బాధ పెట్టింది. పాఠం పంపినా, పంపకపోయినా, అటు వైపు ఎవరూ లేరు. అయితే ఇక పంపకుండా ఆపడానికి కారణమూ లేదు.

అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే. లాగ్ పుస్తకం వెనక పేజీలో గీతలు గీశాడు. గంటల వారీగా గడులు. కింద రీడింగు చూడాలి, పైకి వెళ్లి పాఠంలో నాలుగు పేజీలు చదవాలి, వేళ రాయాలి, మళ్లీ దిగాలి. పదీ మూడు, మొదటి నాలుగు పేజీలు. పదకొండూ ఆరు, తర్వాతి నాలుగు. మంగళవారం ఏడో పాఠం పంపాడు. బుధవారం ఎనిమిది. గురువారం మధ్యాహ్నానికి తొమ్మిది, సాయంత్రానికి పది. లింగయ్య కింద నుంచి టీ తెచ్చి ఇచ్చేవాడు.

"గింత పరేషాన్ ఎందుకు పెద్దన్నా? ముందుగాల్నే జర జర చేస్తే అయిపోతుండె గదా."

"అవును."

"మరి ఎందుకు చెయ్యలే?"

పెద్దన్న టీ తాగాడు. "ఒగరు అడుగుతాండారనుకున్నా" అన్నాడు. లింగయ్యకు అర్థం కాలేదు. ఇంకోసారి అడగలేదు.

శుక్రవారం పదకొండోది అయింది. శనివారం పొద్దుట్నుంచి మూడుసార్లు కరెంటు పోయింది. పోయిన ప్రతిసారీ కిందికి దిగాడు, యంత్రం నిలకడగా అందుకునేదాకా ఉన్నాడు, మళ్లీ ఎక్కాడు. పన్నెండో పాఠంలో చివరి ప్రశ్న, జనరేటరును మొదలుపెట్టే ముందు మీరేం చేస్తారో వరుసగా రాయండి అని. నిఘంటువు మూసేశాడు. వచ్చిన ఇంగ్లీషులో, చేతులు ఏం చేస్తాయో అదే వరుసలో రాశాడు. చివర ఒక వాక్యం కలిపాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వేసి చూస్తాను. నాలుగూ ముప్పై ఎనిమిదికి బటన్ నొక్కాడు. అందింది అన్న ఒక్క మాట తెర మీద వెలిగింది.

పై సోమవారం అలవాటు కొద్దీ పెట్టె తెరిచాడు. కొత్త ఉత్తరం లేదు. ఉన్న పాత ఉత్తరాలను తీసిపారేయలేదు.

దసరా తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. పెద్దన్న కంట్రోల్ రూములో కూర్చున్నాడు. చల్లని గది, గాజు తలుపు, ఒక కుర్చీ. చప్పుడు ఏమీ లేదు. కుడి చెవికి గడియారం ముల్లు కదలడం కూడా వినిపించేది. తెర మీద అన్ని రీడింగులూ వాటంతటవే పడేవి. గంటకోసారి యంత్రమే లాగ్ రాసుకునేది. పది సున్నా సున్నా. పదకొండు సున్నా సున్నా. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు అల్మారాలోంచి పాత లాగ్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని, సెల్లారుకు ఫోను కలిపాడు.

"లింగయ్యా, ఇంగ నుంచి గంటకోతూరి నువ్వు ముల్లు చూసి నాకు ఫోన్లో చెప్పల్ల."

"ఎందుకు? నీ తెర మీద పడుతలేదా?"

"పడతాంది. తెర మీద పడేది తీగ చెప్పిన మాట. ముల్లు చెప్పేది నాకు కావల్ల. రెండూ ఒగటేనా అని చూడల్ల గదా."

"గదొక్కటేనా?"

పెద్దన్న లాగ్ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"సరే తియ్యి" అన్నాడు లింగయ్య. "ఫికర్ చెయ్యకు. చెప్త."

మొదటి రోజు పదకొండు దాటింది. ఫోను మోగలేదు. పెద్దన్న కలం మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. తెర మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదకొండూ అయిదు. పదకొండూ ఎనిమిది. పదకొండూ తొమ్మిదికి మోగింది.

"లేటయింది పెద్దన్నా" అని లింగయ్య గొంతు ఆయాసంగా వచ్చింది. "టార్చిల సెల్లు అయిపోయినయ్, తెచ్చేసరికి గింత సేపయింది. నువ్వే తెర చూసి రాసుకుంటివా ఏంది?"

"లేదప్పా" అన్నాడు పెద్దన్న, ఫోను కుడి చెవికి గట్టిగా ఆనించుకుని. "నీ కోసమే ఎదురుచూస్తాండా. చెప్పు."

లింగయ్య ఒక్కొక్క అంకే చెప్పాడు. పెద్దన్న వాటి ముందు పదకొండూ తొమ్మిది అని రాసుకున్నాడు.